శుక్రవారం మూడున్నర

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి
ఢిల్లీలో పెద్ద సభ పల్చబడుద్దంట.
విమానాలు అందుకోవాల్సినోళ్లు పోతారంట.
మిగిలినోళ్లల్లో ఎవురన్నా
సర్కారు తరపున కాకుండా, తమ మటుకు తాము
ఒక చట్టం కావాలని అడగొచ్చంట.
మార్కాపురం కోర్టు ఎదురుగా నా జిరాక్సు కొట్లో
టీ చల్లారబెట్టుకుంటా చెప్పాడు
ఎంపీగారి పీఏ వెలుగొండయ్య.

"బిల్లంటే మనం కట్టాల్నా?" అంది కాశింబీ.
అప్పటికి ఆమెకి తెలిసిన బిల్లు కరెంటుది ఒక్కటే.
కాదు, ఇది వాళ్లు మనకి కట్టేది.
కడితే.

పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు
అంచులు అరగదీసిందామె.
కొంగు ముక్కుకి చుట్టుకున్నా
సాయంత్రానికి కనురెప్పలు బూడిదరంగు.
ఎన్ని ఊళ్ల పిల్లకాయలు
ఆమె నునుపు చేసిన రాతి మీద 'అ' దిద్దారో.
ఆమెది మాత్రం వేలిముద్రే.

గని దిగిన గాలెయ్య, పేరులోనే గాలున్నోడు,
ఆఖర్న మంచంకోడు పట్టుకుని
కూర్చునే నిద్రపోయేవాడు.
ఆసుపత్రి చీటీలో టీబీ అని రాశారు.
ఆర్నెల్లు మందులు మింగాడు. టీబీ కాదు.
రాతిపొడి.
రాతిపొడికి చీటీలో గడి లేదు.

అరవైఒక్క వేలిముద్రలు.
నేనే టైపు కొట్టా, పేజీకి పది.
గాలెయ్య సంగతున్న పేజీకి తీసుకోలా.
ఎంపీగారు పెళ్లికొచ్చి
అక్షింతలేసిన చేత్తోనే కాగితం జేబులో పెట్టుకున్నాడు.
చొక్కాతోపాటు ఉతుక్కి పోద్దిలే అనుకున్నాం.

పోలా.
ఫోన్లో చూశాం, కొట్లో పదకొండుమందిమి.
ఆయన లేచాడు. ఒక వాక్యం చదివాడు.
అవునన్నోళ్లు అన్నారు. కూర్చున్నాడు.
గాలెయ్య దగ్గొకటి మొదలై ఆగేంతసేపు కూడా పట్టలా.

అచ్చుకాపీ పోస్టులో వచ్చింది. ఇంగ్లీషు, హిందీ.
నేను వేలు పెట్టి చదివి చెప్పా.
మార్కాపురం ఒక్కచోట,
ఉద్దేశాలూ కారణాలూ అన్న పేజీలో.
గాలెయ్య లేడు. కాశింబీ లేదు.
'బాధిత కార్మికులు' ఉన్నారు.
చివర్న ఖర్చు లెక్క: ఏటా రెండొందల కోట్లు, సుమారుగా.
ఆ అంకె మీద చెయ్యి పెట్టి
ఆమె చాలాసేపు తియ్యలా.
"మన ఊపిరికి ఎవురో ధర కట్టారే" అంది.
ఏడుపో నవ్వో నాకు తెలీలా.

తర్వాత చర్చకి చీటీలు తీశారు. మాది రాలా.
మళ్లీ తీశారు.
ఒక శుక్రవారం సెలవు,
ఒక శుక్రవారం గొడవ, సభ వాయిదా.
డెబ్బయ్యో సంవత్సరం తర్వాత
ఇట్టాంటిది ఒక్కటీ చట్టం కాలేదన్న సంగతి
వెలుగొండయ్య అప్పుడు చెప్పాడు, టీ వద్దని.
ఎలక్షన్లొచ్చాయి. సభ రద్దు.
దాంతోపాటే మా బిల్లూ.

"పలక తుడిచినట్టా?"
"అట్టాంటిదే."
"నీళ్లతోనా, ఉమ్మేసా?"
నేనేం చెప్పను.

మొన్న మళ్లీ వచ్చింది,
కొత్త ఎంపీ ఎవురో కనుక్కుని.
పాత ఫైలు కంప్యూటర్లో అట్టాగే ఉంది.
తేదీ మార్చా.
అరవైఒకటి కొట్టేసి నలభైనాలుగు చేశా.
"ఈసారి పేర్లు ముందు పెట్టు, ఖర్చు ఎనకమాల" అంది.
"శుక్రవారమే కదా? మాకు మంచిరోజే."

స్టాంపుప్యాడు ఎండిపోయుంది.
రెండు చుక్కలు నీళ్లేసి
ఆమె బొటనవేలు చాపేలోపు మెత్తబడాలని
గుడ్డని నొక్కతా కూర్చున్నా.